బూరుల్ హస్తవాసి

నాకు నోటి దురుసు ఎక్కువ. ఇరవై రెండేళ్ళుగా మా ఊరి వైద్యకేంద్రంలో టీకాలు వేస్తున్నాను. ఈ లోయలో ఇరవై ఏళ్ళలోపు వాళ్ళలో నా సూది తగలని భుజం లేదని గొప్పలు చెప్పుకునేదాన్ని. ఈమధ్య ఫోన్లలో వీడియోలు చూసి కొందరు తల్లులు వద్దంటుంటే ఆ గొప్పకి కాస్త గండి పడింది, దాంతో నోరు ఇంకా పెరిగింది.

ఆ ఏడు ఫిబ్రవరి చివర్లో, గొర్రెలు ఈనే రోజుల్లో, నరీన్ పట్నంలో తట్టు మొదలైందని కబురొచ్చింది. మా ఊరికి ఎక్కి రావడానికి దానికి రెండు వారాలు కూడా పట్టలేదు.

మా తమ్ముడు తాలాయ్ కూతురు బూరుల్‌కి అప్పుడు పదేళ్ళు నిండాయి. ఆరున్నరేళ్ళప్పుడు పిల్లకి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. రెండేళ్ళకు పైగా రాజధాని బిష్కెక్‌లోని ఆసుపత్రిలో వైద్యం జరిగింది. ఇంటికొచ్చి ఏడాదిన్నర అయింది. మా ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు. 'బిష్కెక్‌లో ఉన్నప్పుడు' అంటాం, అంతే.

ఊరు మాత్రం బూరుల్‌ని నెత్తిన పెట్టుకుంది. చావు దాకా వెళ్ళి తిరిగొచ్చిన మనిషి దగ్గర అదృష్టం మిగిలి ఉంటుందని మావాళ్ళ నమ్మకం. అలాంటివాళ్ళ బట్టలోంచి ఒక దారమో, కొరికిన రొట్టెముక్కో అడిగి తెచ్చుకుంటే ఆ అదృష్టంలో తమ పిల్లలకీ వాటా వస్తుందంటారు. దాన్ని తెబెరిక్ అంటారు. మామూలుగా తొంభై ఏళ్ళు బతికిన ముసలాళ్ళ దగ్గర అడుగుతారు. మా ఊళ్ళో పదేళ్ళ పిల్ల దగ్గర అడిగారు. నా మరదలు కెంజే కూతురి కోటుకి బొత్తాలు కుట్టడం, వచ్చిన ఆడవాళ్ళు తెంపుకుపోవడం. పిల్లలకి నలతగా ఉంటే ఒళ్ళో కూర్చోబెట్టుకోమని బూరుల్‌ని పిలిచేవాళ్ళు. దాని హస్తవాసి అలాంటిదని చెప్పుకునేవాళ్ళు. పిల్ల కూడా డాక్టరమ్మలా తల పైకెత్తి వెళ్ళేది. మా అమ్మకైతే అదొక పండగ.

నేను నవ్వుకునేదాన్నే కానీ వద్దని ఎప్పుడూ అనలేదు. రెండేళ్ళు అందరి దయ మీద బతికిన పిల్ల, ఇప్పుడు ఇచ్చే చెయ్యి అయింది. అది చూస్తే నాకూ ముచ్చటేసేది.

మార్చి మొదటి మంగళవారం సోనున్ పిన్ని వచ్చింది. గుమ్మంలోనే ఏడుపు మొదలుపెట్టింది.

"జిపార్, మా కుబాత్‌గాడికి మూడు రోజులుగా ఒళ్ళు కాలిపోతోందే. దగ్గు, కళ్ళు ఎర్రగా. పాలు కూడా పట్టట్లేదు. ఒక్కసారి బూరుల్‌ని పంపవే."

కుబాత్ ఆమె మనవడు. పద్నాలుగు నెలలవాడు. వాడి తల్లి ఎల్నురా టీకా వద్దన్న వాళ్ళలో ఒకతి. చలికాలంలో వాళ్ళింటికి మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి నాకు తిక్కరేగింది. "రేపు వాడికేమైనా అయితే నా దగ్గరికి ఏడుస్తూ రాకు" అని వాకిట్లో నిలబడి అరిచి, టీకా నిరాకరించినట్టు కాగితం మీద సంతకం పెట్టించుకుని, చేతులు దులుపుకుని వచ్చేశాను. ఆ తర్వాత నేను ఎదురుపడితే ఎల్నురా మొహం తిప్పుకునేది.

సోనున్ పిన్ని చెప్పిన లక్షణాలు వినగానే నాకు తెలిసిపోయింది.

"పిన్నీ, అది తట్టులా ఉంది. ఇవాళే నరీన్ తీసుకెళ్ళండి."

"కోడలు వినట్లేదే. ఆసుపత్రి అంటేనే భయపడి చస్తోంది. బూరుల్ వచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే చాలంటోంది."

"అయితే ఒప్పందం. బూరుల్‌ని పంపుతాను. అది కాసేపు కూర్చుని వచ్చాక, రేపు పొద్దున్నే మీరు నరీన్ వెళ్ళాలి. ఒట్టు వెయ్యి."

పిన్ని ఒట్టు వేసింది. నేను చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

పొయ్యి దగ్గర పిండి కలుపుతున్న కెంజే చేతులు ఆపేసింది. "వదినా, తట్టు అంటున్నావు. మరి పిల్లని..."

"రెండు డోసులూ నా చేత్తో వేశానే. ఏడాదికొకటి, ఆరేళ్ళకొకటి. కార్డులో ఉంది చూసుకో. ఈ ఇంట్లో అందరికంటే భద్రంగా ఉన్నది నీ కూతురే."

కెంజే మళ్ళీ పిండి కలపసాగింది. నర్సుని నేను కదా.

నేను వాళ్ళ గేటు బయట బురదలో నిలబడ్డాను. లోపలికి వెళ్తే ఎల్నురా మనసు మార్చుకుంటుందేమోనని భయం. గంట తర్వాత బూరుల్ బయటికొచ్చింది, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"చాలా వేడిగా ఉన్నాడత్తా. నా మెడ పట్టుకుని వదల్లేదు."

మాట ప్రకారం బుధవారం పొద్దున వాళ్ళు పిల్లాణ్ణి నరీన్ తీసుకెళ్ళారు. గురువారం ఒంటి నిండా దద్దు పొడిచింది. తట్టే.

శనివారం జిల్లా అంటువ్యాధుల విభాగం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. పిల్లాడి దగ్గరికి ఎవరెవరు వెళ్ళారో జాబితా అడిగింది. మా వంటింటి కిటికీ దగ్గర నిలబడి గడగడా చెప్పేశాను. నా దగ్గర ఎప్పుడూ లెక్క పక్కాగా ఉంటుంది.

"వీళ్ళలో ఎవరికైనా ఇదివరకు పెద్ద జబ్బులేమైనా?"

"మా మేనకోడలుంది. కానీ ఆమెకి రెండు డోసులూ పడ్డాయి."

"ఏం జబ్బు?"

అమ్మ పక్కగదిలో ఉంది. గొంతు తగ్గించి జబ్బు పేరు చెప్పాను.

"కీమో ఇచ్చారా?"

"రెండేళ్ళ పైన."

"టీకాలు కీమోకి ముందు వేసినవా, తర్వాత వేసినవా?"

"ముందు వేసినవే."

"తర్వాత మళ్ళీ వెయ్యలేదా?"

"మళ్ళీ ఎందుకు?" అన్నాను.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అందావిడ. కిటికీలోంచి బూరుల్ కనిపిస్తోంది. తల్లిలేని గొర్రెపిల్లకి సీసాతో పాలు పడుతోంది. అది సీసా లాగేస్తుంటే పిల్ల పడీ పడీ నవ్వుతోంది. ఆ ఒక్క నిమిషం నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

లైన్లోకి తిరిగొచ్చిన ఆవిడ, కీమోతో పాత టీకాల రక్షణ పోయి ఉండొచ్చు, వైద్యం చేసిన డాక్టర్ని అడగమంది. బిష్కెక్‌లో బూరుల్‌కి వైద్యం చేసిన డాక్టరు వాలెంటీనా పెత్రోవ్నా. వెంటనే ఆమెకి ఫోన్ చేశాను.

"డిశ్చార్జి కాగితాల్లో రెండో పేజీలో రాశాను కదా జిపార్," అందామె. "వైద్యం ముగిసిన ఆరు నెలలకి రక్తం పరీక్ష చేసి, టీకాలన్నీ మళ్ళీ మొదలుపెట్టమని. నువ్వు నర్సువని నీకు ప్రత్యేకంగా రాశాను."

"చదవలేదు."

"ఎక్కడైనా పోయిందా?"

"లేదు. కాల్చేశాం."

బూరుల్ ఇంటికొచ్చిన రోజు మా అమ్మ ఆసుపత్రి వస్తువేదీ గడప దాటనివ్వలేదు. దుప్పటి, చెప్పులు, టోపీ, కాగితాల కవరు, అన్నీ వాకిట్లో కుప్ప పోసి మంట పెట్టించింది. మా కొండల్లో ధూపానికి వాడే అర్చా చెట్టు కొమ్మలు వేసి ఆ పొగలో పిల్లని మూడుసార్లు తిప్పింది. కాగితాలు ఇంట్లో ఉంటే జబ్బు వాటిని వెతుక్కుంటూ వస్తుందని అంది. మొదటి పేజీ చూశాను నేను, 'వ్యాధి లేదు' అని ఉంది. అంతకంటే ఏం కావాలి అనుకున్నాను. అమ్మ మనశ్శాంతికి అడ్డు రావడం ఎందుకని కవరు నా చేత్తోనే మంటలో వేశాను. తర్వాత బడివాళ్ళు కొత్త టీకా కార్డు అడిగితే పాత తేదీలు ఎక్కించి 'పూర్తి' అని రాశాను.

వాలెంటీనా పెత్రోవ్నా నన్ను తిట్టలేదు. "పిల్లాడి దగ్గరికి వెళ్ళి ఎన్ని రోజులైంది?" అని మాత్రం అడిగింది.

"నాలుగు."

"వెళ్ళిన రోజు నుంచి ఆరు రోజుల్లోపు పిల్ల నా దగ్గర ఉండాలి."

కెంజేకి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఉతికిన బట్టలు ఆరేస్తోంది. నేను చెబుతున్నంతసేపూ చేతిలో ఉన్న తడి చొక్కాని మడత పెడుతూనే ఉంది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"పాపకి వెచ్చటి బట్టలు సర్దుతాను," అని లోపలికి వెళ్ళిపోయింది.

తాలాయ్ ఈనుతున్న గొర్రెల్ని పక్కింటివాళ్ళకి అప్పగించి ఆదివారం తెల్లవారగానే కారు తీశాడు. కనుమ మీద ఇంకా మంచు ఉంది. ముందు సీట్లో తమ్ముడు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. వెనక కెంజేకీ నాకూ మధ్య కూర్చుని బూరుల్ మాత్రం ప్రశ్న మీద ప్రశ్న.

"నాకేం లేదు కదా, మరి బిష్కెక్ ఎందుకు?"

"ఒక ఇంజెక్షన్."

"మళ్ళీ అక్కడే ఉంచేస్తారా?"

"లేదమ్మా," అంది కెంజే. "ఒట్టు. సాయంత్రానికి బయల్దేరి వచ్చేస్తాం."

ఆసుపత్రి వరండాలో వాలెంటీనా పెత్రోవ్నా నన్ను పక్కకి పిలిచింది. అరవై దాటిన మనిషి, ఎప్పుడూ నిలబడే మాట్లాడుతుంది. "కీమోతో మేం ఆ పిల్ల ఒంటిని ఇల్లు కడిగినట్టు మూలమూలా కడిగేశాం జిపార్. చెడ్డది పోవాలంటే వేరే దారి లేదు. ఆ కడగడంలో గోడల మీద నువ్వు టీకాలతో రాసినవి కూడా పోతాయి. కొందరికి కొంత మిగులుతుంది. కొందరికి ఏమీ మిగలదు. చూస్తే గాని తెలీదు."

రక్తం తీసి పరీక్షకి పంపింది. ఫలితం కోసం ఆగకుండానే ఇంజెక్షన్ సిద్ధం చేయించింది. సూదులంటే బూరుల్‌కి లెక్కలేదు. ఆ సీసా మీది అక్షరాలు చదవడానికి ప్రయత్నిస్తోంది.

"ఇది టీకానా?"

"కాదు," అంది డాక్టరు. "టీకా పనిచెయ్యడానికి ఇప్పుడు సమయం చాలదు. ఇది వేరేవాళ్ళ రక్తంలోంచి తీసిన రక్షణ. కొన్నాళ్ళు నిన్ను కాస్తుంది. ఆ తర్వాత నీ సొంతది నువ్వు తయారుచేసుకోవాలి."

"ఎవరి రక్తం?"

"పేర్లు తెలీదు. వందలమందిది."

బూరుల్ ఆ సీసా వైపు ఇంకోసారి చూసింది. "అయితే వాళ్ళ తెబెరిక్ నాకిస్తున్నారన్నమాట," అంది.

డాక్టరుకి ఆ మాట అర్థం కాలేదు. కెంజే మాత్రం మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

రెండు రోజుల తర్వాత ఫలితం ఫోన్లో చెప్పారు. తట్టు మీద బూరుల్ ఒంట్లో రక్షణ సున్నా. నేను వేసిన మిగతా టీకాలవీ దాదాపు అంతే. ఇరవై ఎనిమిది రోజులు బయట ఎవర్నీ కలవనివ్వద్దన్నారు. ఇంజెక్షన్ వేసినా రావచ్చు, వస్తే తేలిగ్గా రావచ్చు, తేలిగ్గానే వస్తుందని మాత్రం ఎవరూ మాటివ్వలేరన్నారు.

ఆ ఇరవై ఎనిమిది రోజులు మా ఇంట్లో పొద్దున లేస్తూనే బూరుల్ నుదురు ముట్టుకోవడంతో మొదలయ్యేవి. కెంజే, తర్వాత అమ్మ, తర్వాత నేను. "ఇంకా ఎంతమంది ఉన్నారు?" అని విసుక్కునేది పిల్ల. తుమ్మితే ముగ్గురం పరిగెత్తేవాళ్ళం. నేను రోజుకి నాలుగుసార్లు దాని నోట్లో లైటు వేసి చూసేదాన్ని. వైద్యకేంద్రం నుంచి వస్తే గొడ్లపాకలో బట్టలు మార్చుకుని, మోచేతుల దాకా కడుక్కుని గాని ఇంట్లోకి వెళ్ళేదాన్ని కాదు. వసంతంలో మా కొత్త సంవత్సరం పండగ నౌరూజ్ వచ్చింది. వీధి చివర పెద్ద బానలో గోధుమ మొలకల పాయసం కలుపుతూ ఆడవాళ్ళు పాడుతుంటే బూరుల్ కిటికీకి ముక్కు ఆనించి విన్నది. మా వాటా గిన్నెలో పోసి గోడ మీద పెట్టి వెళ్ళారు.

ఆ మర్నాడు నరీన్ ఆసుపత్రిలో కుబాత్ పోయాడు. తట్టు ఊపిరితిత్తులకి దిగింది. పద్నాలుగు నెలల పిల్లాడిని తెల్లబట్టలో చుట్టి తాత ఒక్కడే చేతుల మీద మోసుకెళ్ళాడు. నేను దూరంగా రోడ్డు మీద నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళే మొహం నాకు లేదు.

అప్పటినుంచి బొత్తాలు అడగడానికి ఎవరూ రాలేదు. నాలుగు రోజుల తర్వాత బూరుల్ అన్నం ముట్టడం మానేసింది. జ్వరం లేదు, దద్దు లేదు, గొంతు శుభ్రంగా ఉంది. పక్క మీద పడుకుని గోడకేసి చూస్తోంది. బతిమాలగా బతిమాలగా నోరు విప్పింది.

"గోడవతల ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాను. 'అదృష్టం దానికే సరిపోయిందేమో, పిల్లాడికి మిగల్చలేదు' అన్నారు. అత్తా, నేను సరిగ్గా ఇవ్వలేదా?"

గదిలోంచి బయటికొచ్చి, నిజం చెప్పేస్తానని అమ్మతో అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దే. నా తల్లికి ఉన్నది ఆ ఒక్క గర్వం. దాన్ని కూడా తీసేస్తావా? పైగా నీకేం రక్షణ లేదని చెబితే భయంతో చస్తుంది."

"ఒక పిల్లాణ్ణి చంపానని అనుకుంటోందమ్మా. భయం నయం."

అమ్మ చెయ్యి వదిలేసింది. "ఆ మంట నేనే పెట్టించాను. అది కూడా చెప్పు," అంది.

బూరుల్ పక్కన కూర్చుని అంతా చెప్పాను. జబ్బు పేరు కూడా చెప్పాను. దానికి అది ఎప్పుడో తెలుసట, ఆసుపత్రిలో పిల్లలందరూ ఆ పేరుతోనే పిలుచుకునేవాళ్ళట. పలకకుండా ఉన్నది మేమే. మందుల్లో నా టీకాలు కొట్టుకుపోవడం, నేను చదవని కాగితం, నేను రాసిన 'పూర్తి', అన్నీ చెప్పాను. కుబాత్‌కి ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ లేదని, ఎవరి దగ్గరా అలాంటిది ఉండదని చెప్పాను.

"మరి ఇన్నాళ్ళూ నా బొత్తాలు?"

"బొత్తాలే."

పిల్ల లేచి కూర్చుంది.

"అంటే వాడికీ ఏం లేదు, నాకూ ఏం లేదు. ఇద్దరం ఒకటే."

"అవును."

"నువ్వే నన్ను పంపావు."

"నేనే పంపాను. తప్పు నాది. నీది రవ్వంత కూడా లేదు."

"నాకు ఇంజెక్షన్ వేయించావు. వాడికి ఎందుకు వేయించలేదు?"

జబ్బు బయటపడ్డాక ఆ ఇంజెక్షన్ పనిచెయ్యదని, దానికి ముందే టీకా వెయ్యాల్సిందని, వాళ్ళమ్మ వద్దందని చెప్పాను. అన్నీ నిజాలే. చెబుతుంటే మాత్రం నా మాట నాకే నచ్చలేదు. బూరుల్ గోడకేసి తిరిగి పడుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం తిన్నది.

ఇరవై ఎనిమిదో రోజు దాటింది. బూరుల్‌కి తట్టు రాలేదు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తాలాయ్ ఒక గొర్రెని కోసి మాంసం అంతా ఊరికి పంచిపెట్టాడు, ఎవర్నీ ఇంటికి మాత్రం పిలవలేదు. బూరుల్‌కి ఆకురాలు కాలంలో, ఈ అరువు రక్షణ కరిగిపోయాక, ఏడాది పిల్లలతోపాటు మళ్ళీ మొదటి డోసు నుంచి మొదలుపెట్టాలి. అప్పటిదాకా చుట్టూ ఉన్న పిల్లలందరికీ టీకా పడి ఉండటమే దానికి కాపలా. అందుకని నేను మళ్ళీ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. ప్రతి ఇంట్లోనూ బూరుల్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను, నా తప్పుతో సహా. కొందరు వేయించారు. కొందరు తలుపేసుకున్నారు.

ఒక పొద్దున బయల్దేరుతుంటే బూరుల్ కోటు తొడుక్కుని వచ్చి నిలబడింది.

"ఎల్నురా అక్క దగ్గరికి వెళ్దాం. నేనే చెప్పాలి."

ఎల్నురా వాకిట్లో చాప మీద ఉన్ని పరిచి కర్రలతో కొడుతోంది. చిక్కిపోయింది. మమ్మల్ని చూసి కర్రలు ఆపింది గాని రమ్మనీ పొమ్మనీ అనలేదు. బూరుల్ గబగబా, దారంతా బట్టీపట్టిన మాట అప్పజెప్పింది.

"అక్కా, నా దగ్గర ఏమీ లేదు. నాకప్పుడు తెలీదు. ఉంటే వాడికి ఇచ్చేసేదాన్ని."

ఎల్నురా దాన్ని తన పక్కన ఉన్ని మీద కూర్చోబెట్టుకుంది.

"నువ్వు వెళ్ళాక వాడు పడుకున్నాడే. మూడు గంటలు. ఆ వారం మొత్తంలో వాడు హాయిగా నిద్రపోయింది అప్పుడే. వాడి పక్కన నేనూ పడుకున్నాను."

బూరుల్ ఏడ్చింది. బిష్కెక్‌లో అన్నేళ్ళూ అంత ఏడుపు ఏడవలేదు. ఎల్నురా దాని తల నిమురుతూ ఉంది. నేను కూడా ఒక మాట తయారుచేసుకునే వచ్చాను.

"ఎల్నురా, ఆ రోజు నీ వాకిట్లో నేనన్న మాట..."

"మాటకేంలే అక్కా," అంది, నా వైపు చూడకుండా. "నువ్వు అందర్నీ అంటావు. మూడుసార్లు వచ్చావు. మూడోసారి నువ్వు వెళ్ళాక నా మనసు కొంచెం మెత్తబడింది. ఇంకొక్కసారి వచ్చి అడిగితే సరే అందామనుకున్నాను. వస్తావని చూశాను."

సంతకం తీసుకున్నాను కదా అని నేను మళ్ళీ వెళ్ళలేదు.